టీచరమ్మా, మా కొట్టు తెరిచే ఉంది

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వాళ్ళందరూ అంటారు. నా ముక్కు మీద కళ్ళజోడు ఉంటుంది, దానికే అక్కడ చోటు చాలదు. కోపం నోట్లో ఉంటుంది. వచ్చినంత వేగంగానే పోతుంది, కానీ పోయిన సంగతి ఎవరూ పట్టించుకోరు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథలో నేను నోరు పారేసుకోని మనిషి దాదాపు లేడు. చివరికి మనసులో దణ్ణం పెట్టుకోని మనిషీ లేడు.

మాది విగ్గుల కొట్టు. ముందు గదిలో అద్దం, కుర్చీ. వెనక గదిలో పొడుగాటి బల్ల, దాని మీద వరసగా కొయ్యతలలు. జబ్బు చేసి, ఆ మందులకి జుట్టు రాలిపోయినవాళ్ళే మా దగ్గరికి ఎక్కువగా వస్తారు. తల కొలత తీసి, ఆ కొలతకి సన్నటి జాలీ టోపీ కుట్టి, కొక్కెం సూదితో వెంట్రుకలు పట్టి ఆ జాలీకి ముడివేస్తాం. నేనూ మా పిన్నీ కలిసి కూర్చున్నా ఒక్క విగ్గుకి నెల పడుతుంది. పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. ముడివేస్తూ మాట్లాడుతుంది, మాట్లాడుతూ కునుకు తీస్తుంది, కునుకులో కూడా ముడి తప్పదు. 'జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే' అన్న సామెత మా కొట్టులో ఎవరూ అనకూడదని నేను నియమం పెట్టాను. పిన్ని ఒక్కతే అంటుంది. "జుట్టు మనమే ఇస్తున్నాంగా, ఇంక అంటే తప్పేంటే?" అని ఆవిడ వాదన.

మాకో వెబ్‌సైటు కూడా ఉంది. కొట్టు పెట్టిన కొత్తలో మా మరిది, అంటే చెల్లెలి భర్త, చేసిపెట్టాడు. అందులో కొట్టు ఫోటో, చిరునామా, ఫోన్ నంబరు, విగ్గు ఎలా ఉతుక్కోవాలో చెప్పే పేజీ ఉంటాయి. ఒకసారి చూసి బాగుందన్నాను. మళ్ళీ దాని మొహం చూడలేదు. ఆ మధ్య నా ఫోను జుట్టు నానబెట్టే తొట్టిలో పడి చచ్చిపోతే, కొత్త ఫోనుతో పాటు కొత్త నంబరు కూడా తీసుకున్నాను. వదిలేసిన నంబర్ని కంపెనీవాళ్ళు ఇంకొకరికి ఇస్తారని నాకేం తెలుసు? వెబ్‌సైటులో పాత నంబరే ఉండిపోయిందన్నది అసలు తట్టనే లేదు. ఫోన్లు తగ్గిపోయాయి. "మిషను మీద కుట్టిన విగ్గులొచ్చాయి, అందరూ అటు ఎగబడుతున్నారు" అని నేనూ పిన్నీ కలిసి లోకాన్ని ఆడిపోసుకున్నాం.

ఒక మధ్యాహ్నం ఒకాయన భుజాన పనిముట్ల సంచీ, చేతిలో పానాతో లోపలికి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

"మిమ్మల్నెవరు పిలిచారు? మా కుళాయిలు బాగానే ఉన్నాయే" అన్నాను.

"మీరు పిలవలేదండీ. మీ వాళ్ళు పిలుస్తున్నారు. పొద్దున్న లేచింది మొదలు 'నల్లది ఉందా, ఒత్తుగా ఉంటుందా, గాలికి ఎగిరిపోదు కదా' అని నా ప్రాణం తోడేస్తున్నారు. నేను ప్లంబర్నండీ బాబూ! ఇది మీదేనా, చూడండి."

ఆయన ఫోనులో మా వెబ్‌సైటు ఉంది. మా కొట్టు ఫోటో కింద నా పాత నంబరు, అంటే ఇప్పుడు ఆయన నంబరు.

నేను ఊరుకుంటానా? "నా నంబరు మీరెందుకు తీసుకున్నారు?" అని నిలదీశాను. ఎంత తెలివితక్కువ మాటో నోటినుంచి ఊడిపడ్డాక గానీ తెలియలేదు. పిన్ని వెనక గదిలోంచి "అడుగు, గట్టిగా అడుగు" అంది.

ఆయన నవ్వలేదు. కుర్చీలో కూలబడ్డాడు. "ఇన్నాళ్ళూ రాంగ్ నంబరని పెట్టేసేవాణ్ణి. నిన్న ఒక సింకు కింద దూరి ఉన్నాను, నీళ్ళు మొహాన కొడుతున్నాయి. సరిగ్గా అప్పుడే ఫోను. ఒకావిడ, టీచరట. జుట్టంతా పోయిందట. సెలవులు అయిపోయి బడి తెరిచేలోపు విగ్గు కావాలంది. 'పిల్లలు నన్ను చూసి జాలిపడితే నేను పాఠం చెప్పలేనండీ' అంది. నాకు ఒళ్ళు మండి ఉంది. 'ఇక్కడ విగ్గులూ లేవు, గిగ్గులూ లేవు, ఆ కొట్టు ఎప్పుడో ఎత్తేశారు, ఇంకెప్పుడూ చెయ్యకండి' అని అరిచేశాను."

"అయ్యో అయ్యో!" అంటూ పిన్ని సూదితో సహా బయటికొచ్చింది.

"ఆవిడ నన్ను తిట్టినా బాగుండేదమ్మా. 'క్షమించండి' అని, ఏడుపు ఆపుకుంటూ పెట్టేసింది. రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్నే తిరిగి చేస్తే ఆసుపత్రి హాల్లో ఉండే ఫోనది. రోజూ ఎంతోమంది వాడతారట, ఎవరని చెబుతారు? అసలు మీ కొట్టు నిజంగా ఎత్తేశారో లేదో చూద్దామని ఈ చిరునామా పట్టుకుని వచ్చాను. ఉంది. నేను చెప్పింది అబద్ధమైపోయింది."

తిట్టాలంటే నన్ను నేనే తిట్టుకోవాలి. ఆసుపత్రికి ఫోన్ చేశాను. పేరు తెలియదు, వార్డు తెలియదు, తెలిసినా చెప్పకూడదట. బడి తెరవడానికి నెలకి కాస్త పైన ఉంది. ఆవిడ ఇప్పుడు దొరికితే ఇప్పుడే సూది పట్టాలి. కొట్టే లేదనుకున్న మనిషి మళ్ళీ ఎందుకొస్తుంది?

పిన్నే దారి చూపింది. "ఆవిడకి మన సంగతి తెలిసింది ఆ వెబ్‌సైటులోనే కదా. అక్కడే చెప్పు, కొట్టు ఉందని. ఆవిడ చూడకపోతే ఆ ఆసుపత్రిలో ఇంకెవరైనా చూసి చెప్పరూ?"

సాయంత్రం మరిదికి ఫోన్ చేశాను. అతనిప్పుడు ఎక్కడో కొండల్లో ఫోన్ టవర్లు నిలబెట్టే పనిలో ఉన్నాడు.

"వదినా, నేనున్న చోట మాట తప్ప ఇంకేం రాదు. ఇంటర్నెట్ లేదు."

"టవర్లు కట్టేవాడివి, నీకే సిగ్నల్ లేదా!"

"లేదు కాబట్టే కడుతున్నాం వదినా. కొట్టులో కంప్యూటరుందిగా? నేను చెబుతాను, మీరు చెయ్యండి."

"నేనా? అందులో పిన్ని సీరియళ్ళు చూడ్డం తప్ప ఇంకేదీ జరగలేదు."

"ఒక్కో వెంట్రుకా పట్టి ముడేస్తారు, మీకిదెంత?"

పొగడ్తకి నేను ఇట్టే పడిపోతాను. కంప్యూటరు ముందు కూర్చున్నాను. అతను చెప్పిన చోటికి వెళితే పాస్‌వర్డ్ అడిగింది. "చెప్పు బాబూ" అన్నాను. అవతలినుంచి మాట లేదు.

"లైను పోయిందా?"

"లేదు వదినా. అదీ... 'నా బంగారు చిలక' అని ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీల్లేకుండా."

"చిలకెవరు?"

"మీ చెల్లెలే."

మా చెల్లెలి గొంతు ఒక్కసారి విన్నవాళ్ళెవరూ దాన్ని చిలక అనరు. పిన్ని నవ్వీ నవ్వీ ఒళ్ళో జుట్టంతా కింద పోసుకుంది. ఎంత వేళాకోళం చేసినా, మా దాన్ని అంత ముద్దుగా పిలుచుకునేవాడు ఒకడున్నాడని నాకు లోపల చల్లగా అనిపించింది.

పాఠం మొదలైంది. అతనికి నా తెర కనిపించదు. నాకు అతని భాష తెలియదు. "ఎడమవైపు నల్లటి పట్టీ ఉందా వదినా?" "లేదు." "ఉంటుంది." "లేదంటే లేదు! నా కళ్ళు పోయాయా?" తీరా చూస్తే పిన్ని సీరియలు దాని మీద పరుచుకుని ఉంది. దాన్ని పక్కకి జరిపితే పట్టీ కనిపించింది. అందులో 'పోస్టులు', దాని కింద 'పేజీలు'. నంబరు మార్చబోయి కొట్టు ఫోటో చెరిపేశాను. "అయ్యో, ఫోటో పోయింది!" అన్నాను.

"కంగారేం లేదు. కంట్రోల్ నొక్కి పట్టుకుని జెడ్ నొక్కండి" అన్నాడు. ఫోటో మళ్ళీ వచ్చి కూర్చుంది.

"మా పెళ్ళినాడు ఈ మీటొకటి నా చేతిలో ఉండుంటేనా!" అంది పిన్ని.

అతను నేర్పిన పద్ధతికి నేను ఇప్పటికీ అబ్బురపడతాను. కొండ మీద చలిలో నిలబడి, పగలంతా ఇనుము మోసి, కళ్ళతో చూడని తెరని నోటితో చూపించాడు. నేను విసుక్కుంటే నవ్వాడే తప్ప మాట తూలలేదు. "మీరిప్పుడున్నది వెనక గది వదినా. ఇక్కడ పని చేసుకోవాలి. బయటివాళ్ళు చూసేది ముందు గది" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు సగం అర్థమైపోయింది. నంబరు మార్చాను. విగ్గు ఉతికే పేజీనే ఎక్కువమంది చూస్తారట. దాని పైభాగంలో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇలా రాశాను:

'టీచరమ్మా, మా కొట్టు తెరిచే ఉంది. ఎత్తేశారని ఫోనులో చెప్పినాయన ఒక ప్లంబరు. తప్పు ఆయనది కాదు, నంబరు మార్చని నాది. ఆయన మీ కోసం వెతుకుతున్నాడు. నేనూ వెతుకుతున్నాను. తల కొలత తీసుకోవాలి, త్వరగా రండి.'

"సేవ్ చేశారా?"

"చేశాను."

"చాలా బాగుంది వదినా. ఇంక ఆ పక్కనే నీలం మీట..." అంటుండగా లైను తెగిపోయింది.

నీలం మీట మీద 'పబ్లిష్' అని ఉంది. ఇక్కడే నా వృత్తి నా కొంప ముంచింది. మా పనిలో విగ్గుని కొయ్యతల మీద ఎప్పుడూ పూర్తిగా కత్తిరించం. నాలుగు వేళ్ళు ఎక్కువే వదులుతాం. మనిషి వచ్చి అద్దం ముందు కూర్చుని తల మీద పెట్టుకున్నాకే చివరి కత్తెర పడుతుంది. తొందరపడి కత్తిరిస్తే విగ్గు మీద జుట్టు మళ్ళీ పెరగదు కదా! పబ్లిష్ అంటే అచ్చువేయడం, ఇది చివరి కత్తెరే, టీచరమ్మ వచ్చాక ఆవిడ నొక్కమంటే నొక్కుదాం అనుకున్నాను. పక్కన 'ప్రివ్యూ' అని ఇంకో మీట ఉంటే నొక్కాను. ముందు గది అచ్చంగా కనిపించింది, అందులో నా మాటా కనిపించింది. ఇంకేం కావాలి? మర్నాడు మరిది "అయిందా?" అంటే "భేషుగ్గా అయింది" అన్నాను.

రోజులు గడిచాయి. టీచరమ్మ రాలేదు. ప్లంబరు మాత్రం పనికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి తొంగిచూసేవాడు. ఇప్పుడాయన ఫోనులో ఎవర్నీ కసురుకోవడం లేదు. "కొట్టు ఉందమ్మా, ఈ నంబరుకి చెయ్యండి" అని అందరికీ నా నంబరు ఇస్తున్నాడు. "వేడినీళ్ళతో ఉతక్కండి, పాడైపోద్ది" అని సలహాలు కూడా మొదలుపెట్టాడు. అయినా ఆయనకి ఫోన్లు ఆగలేదు. ఒకరోజు విసుగ్గా వచ్చాడు.

"ఇంకా నా నంబరే ఉందేంటండీ అందులో?"

"ఎప్పుడో మార్చాను. మీ ఫోను పాతది."

"నా ఫోను కాదు, మీ కళ్ళజోడు పాతది."

"ఇదిగో, చూడండి!" అని కంప్యూటరు చూపించాను. నా మాట నిక్షేపంలా ఉంది. ఆయన తన ఫోను తెచ్చి పక్కన పెట్టాడు. అందులో నా మాట లేదు. పాత నంబరే ఉంది.

ఆ సాయంత్రం మరిది లైనులో దొరికాడు. "వదినా, పబ్లిష్ నొక్కారా?" అని అడిగాడు.

"అది చివరి కత్తెర కదా బాబూ, ఆవిడ వచ్చాక..." అంటూ ఉండగానే నా తప్పు నాకు అర్థమైపోయింది. నేను టీచరమ్మకి చెప్పిన మాట ఇన్నాళ్ళూ వెనక గదిలోనే ఉండిపోయింది. చూసింది నేనూ పిన్నీ మాత్రమే. ఇప్పుడు ఆవిడ ఈ క్షణాన వచ్చినా విగ్గు కట్టే వ్యవధి లేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

ఇంకొకరైతే తిట్టేవారు. నేనైతే తప్పకుండా తిట్టేదాన్ని. అతను మాత్రం, "తప్పు నాది వదినా, లైను తెగాక మళ్ళీ అడిగి ఉండాల్సింది. ఏం పర్లేదు, నొక్కండి. ఎన్నిసార్లయినా నొక్కచ్చు, ఎన్నిసార్లయినా మార్చచ్చు. ఈ జుట్టు కత్తిరించినా మళ్ళీ పెరుగుతుంది" అన్నాడు.

నొక్కాను. ప్లంబరు తన ఫోనులో పేజీని మళ్ళీ తెరిచి, "వచ్చిందండీ, వచ్చింది!" అని కొట్టు అదిరిపోయేలా అరిచాడు.

మర్నాడు పొద్దున్నే ఒక బస్సు కండక్టరమ్మ ఫోన్ చేసింది. ఆవిడ ఆ ఆసుపత్రికే చికిత్సకి వెళుతుంది. మా దగ్గర కొలతలిచ్చింది, ఆవిడ విగ్గు తయారై చివరి కత్తెర కోసం బల్ల మీదే ఉంది. ఉతకడం ఎలాగో ముందే నేర్చుకుందామని పేజీ తెరిచి, నా మాట చదివిందట. "ఇంకేముంది, హాలు మధ్యలో నిలబడి 'టీచరమ్మెవరండీ? విగ్గుల కొట్టు మూసెయ్యలేదండీ! టీచరమ్మెవరు?' అని కేకేశాను. కిక్కిరిసిన బస్సులో చివరి సీటు దాకా వినిపించే గొంతండీ నాది. ఓ మూల కిటికీ దగ్గర ఒకావిడ లేచి నిలబడింది."

ఆ సాయంత్రమే టీచరమ్మ వచ్చింది. సన్నటి మనిషి, తలకి గుడ్డ చుట్టుకుంది. కుర్చీలో కూర్చోబెట్టి కొలత తీశాను. అబద్ధం చెప్పలేకపోయాను. "బడి తెరిచే రోజుకి అందదమ్మా. మాట మీ దాకా చేరకుండా ఆపింది నేనే" అన్నాను.

"పర్లేదండీ. నా కోసం ఇంతమంది వెతికారు, అదే చాలు" అని నన్నే ఓదార్చింది. అంటూనే గబగబా తలగుడ్డ మళ్ళీ చుట్టుకుంది. నాకు కోపమొచ్చింది. చాలదు! అదెలా చాలుతుంది?

ఆవిడ ముందే కంప్యూటరు దగ్గర కూర్చున్నాను. మరిదికి ఫోన్ చేయలేదు. తెరిచాను, చిలకని తలుచుకున్నాను, కొత్త పోస్టు మొదలుపెట్టాను. 'మా దగ్గర విగ్గు పూర్తయి, ఇంకా తీసుకెళ్ళనివాళ్ళకి ఒక విన్నపం. మా టీచరమ్మకి బడి తెరిచే రోజుకి విగ్గు కావాలి. మీలో కొంతకాలం ఆగగలిగినవాళ్ళుంటే మీది ఆవిడకిస్తాను. మీకు మళ్ళీ కొత్తది, అంతే బాగా కట్టిస్తాను. కుదరదంటే తప్పేం లేదు.' టీచరమ్మ చదివి, మొహమాటంగా తలూపింది. సేవ్. తర్వాత నీలం మీట. నా వేలితో నేనే నొక్కాను.

అందరూ జబ్బుపడి లేచినవాళ్ళు. అద్దం ముందు నిలబడే రోజు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు. ఆగమని నేనెవర్ని అడగడానికి? ఎవరూ చెయ్యరు అనుకున్నాను. పిన్ని వంట మొదలుపెట్టకముందే ఫోను మోగింది. "నాది ఇచ్చెయ్యండి" అంది ఒకావిడ, పేరు కూడా చెప్పకుండా. పెట్టగానే ఇంకొకటి. "నాది తీసుకోండమ్మా, నేను ఇంట్లోనే కదా ఉండేది" అని ఒక పెద్దావిడ. మూడోది కండక్టరమ్మ. "నేను డ్యూటీలో చేరడానికి ఇంకా చాలా టైముంది. నాది పెట్టి చూడండి. కాదంటే ఊరుకోను!" అని దబాయించింది. ఫోను పెట్టి వెనక గదిలోకి వెళ్ళి, కొయ్యతలల మధ్య కూర్చుని ఏడ్చాను. పిన్ని వచ్చి వీపు మీద చెయ్యి వేసింది.

పేరు చెప్పనావిడని గొంతుతో పోల్చుకున్నాను, ఆవిడది నడుము దాకా జడ. పెద్దావిడది ముగ్గుబుట్టలా తెల్లటిది. కండక్టరమ్మది సరిపోయింది. వెనక పట్టీ కాస్త బిగించి, చెవుల దగ్గర సర్ది, అద్దం ముందు చివరి కత్తెర వేశాను. టీచరమ్మ చాలాసేపు అద్దంలో చూసుకుంది. తర్వాత తల ఇటూ అటూ విదిలించి, "ఊడదు కదండీ? నేను బోర్డు మీద రాస్తూ గబుక్కున వెనక్కి తిరుగుతాను" అంది. "మీరు కుప్పిగంతులు వేసినా ఊడదు" అన్నాను. ఆవిడ నవ్వడం అదే మొదటిసారి చూశాను.

బడి తెరిచిన రోజు ఎవరికీ పని సాగలేదు. ప్లంబరు "దారిలోనే కదా" అంటూ వచ్చి ఎక్కడికీ పోకుండా కూర్చున్నాడు. దారిలోనూ కాదు, ఏమీ కాదు. ఆయన పని అవతలి వీధిలో. పిన్ని ఒకే ముడిని విప్పి మళ్ళీ వేస్తోంది. మధ్యాహ్నం ఫోను మోగింది. టీచరమ్మ. వెనకాల పిల్లల గోల వినిపిస్తోంది.

"ఏమైందమ్మా? ఏమన్నారు పిల్లలు?"

ఆవిడ "ఒక్క నిమిషమండీ" అని పిల్లల్ని కాస్త అవతలికి పొమ్మంది. నా ప్రాణం పోయినంత పనైంది.

"క్లాసులోకి వెళ్ళానండీ. అందరూ లేచారు. నావైపు చూశారు. మొదటి బెంచీ పిల్ల చెయ్యెత్తింది. 'మేడం, సెలవుల ముందు మీరు లేరు కదా, పాఠాలు మిగిలిపోయాయి, మరి పరీక్షలు వాయిదా వేస్తారా?' అని అడిగిందండీ. అంతే! ఇంక క్లాసంతా దాని గురించే గోల. నా మొహం ఎవరికి కావాలి? కోప్పడి కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. గంట కొట్టేదాకా చెప్పానండీ."

నేను విన్నది విన్నట్టు పిన్నికీ ప్లంబరుకీ చెప్పాను. ప్లంబరు చేతి గుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"ఇంతకీ వాయిదా వేశారా?" అన్నాడు.

"లేదట. వచ్చే వారమేనట" అన్నాను. ముగ్గురికీ కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు.